గీత దాకా సిర్కా

సిర్కా, అదే వెనిగర్, హలాలే. అందులో నాకెప్పుడూ అనుమానం లేదు. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం సిర్కాను మెచ్చుకున్నారని, రొట్టెతో నంజుకున్నారని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. నా సందేహమల్లా సిర్కా కావడానికి ముందు రోజుల గురించి. పండ్లరసం హలాలు. సిర్కా హలాలు. మధ్యలో కొన్నాళ్ళు అది ఇంకొకటిగా ఉంటుంది. దాని పేరు మా ఇంట్లో నోటితో పలకనిచ్చేవాళ్ళు కారు. ఆ దారిన నడిచి వచ్చింది మళ్ళీ పాక్, శుద్ధం, ఎట్లా అవుతుంది? పదేళ్ళప్పుడు ప్రొద్దుటూరు మదరసాలో ఈ మాట అడిగితే ఉస్తానీ గారు స్కేలు అంచుతో నా వేళ్ళ కణుపుల మీద కొట్టారు. "చెప్పింది చదువు" అన్నారు. చదివాను. ఏడో తరగతితో నా బడి ఆగింది. నమాజు ఆగలేదు, సందేహమూ ఆగలేదు.

పన్నెండేళ్ళ కిందట పెళ్ళయి ఒమాన్ వచ్చాక ఆ సందేహానికి ఒక బాకీ తోడైంది.

మా ఆయన షఫీ రొట్టెల వ్యాన్ నడుపుతాడు. మబేలాలో ఈ మూడంతస్తుల బిల్డింగులో దిగిన మొదటి బక్రీదుకు తన డ్యూటీ వాళ్ళను నలుగురిని భోజనానికి పిలిచాడు. కబాబుల పక్కకు ఉల్లిపాయలు నానబెట్టాలంటే ఇంట్లో సిర్కా లేదు. పండగపూట షాపులు మూసి ఉన్నాయి. కింది ఫ్లాట్ తలుపు కొట్టాను. జాహిదా ఆపా తీసింది. వాళ్ళది రాయచోటి. ఒక చిన్న టీ గ్లాసుకు చుట్టూ బంగారు రంగు గీత ఉంది. సరిగ్గా ఆ గీత దాకా నల్లటి సిర్కా పోసి ఇచ్చింది. వాళ్ళత్త నేరేడు పండ్లతో చేసి ఊరి నుంచి పంపిన సిర్కా అది.

పండగ దాటాక షాపు సిర్కా సీసా కొని తీసుకుపోయాను. ఆమె నవ్వింది.

"షాపుది నక్కో. మా అత్త చేత్తో చేసింది తిన్నారు గదా మీ చుట్టాలు. నువ్వు గూడా చేత్తో చేసిందే తిరిగియ్యి. అంతదాకా గ్లాసు నీ కాడే పెట్టుకో."

ఎగతాళికే అంది. కానీ ప్రతి బక్రీదుకూ మెట్ల మీద ఎదురైతే, "నా సిర్కా ఏదమ్మా సఫియా?" అని పదిమందిలో అడిగేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఇంటికొచ్చి అల్మారాలో ఉన్న గ్లాసును చూసేదాన్ని. చేత్తో చేయడం కష్టమని కాదు. చేయాలంటే ఆ మధ్య రోజులు నా ఇంట్లోనే గడవాలి. దానికి నా మనసు ఒప్పుకునేది కాదు.

ఈ చలికాలం ఒప్పుకుంది. ఎందుకంటే ఏం చెప్పను? నా దగ్గర బిల్డింగులోని ఏడుగురు పిల్లలు ఖురాన్ నేర్చుకుంటారు. సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత చాపలు పరిచి కూర్చోబెడతాను. వాళ్ళకు బాకీ ఉంచుకోవద్దని, ఇస్తానన్న మాట తప్పొద్దని నేర్పుతూ, ఒకరోజు నా నోరు నాకే చేదనిపించింది.

జ్యూస్ ఆఫర్‌లో ఉంటే ఆపిల్ జ్యూస్ డబ్బాలు తెచ్చాను. మొదటిసారి ఇరవై రోజులు పెట్టినా అది జ్యూస్‌లాగే కూర్చుంది. పాడవకుండా మందు కలిపిన డబ్బా అది. పాడవ్వాల్సిన పనికి అదెట్లా పనికొస్తుంది? రెండోసారి బూజు పట్టింది, పారబోశాను. మూడోసారి షాపులో నిలబడి డబ్బా మీది ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా కూడబలుక్కున్నాను. నేనేదో దొంగిలిస్తానేమోనని అక్కడి అబ్బాయి రెండుసార్లు నా వెనక తిరిగాడు. మందు కలపనిది దొరికింది. అయిదు లీటర్ల గాజు జాడీలో పోసి, రొట్టెలకు వేసే ఈస్ట్ చిటికెడు వేసి, మూతికి గుడ్డ కట్టాను.

మూడో రోజుకు జాడీ లోపల సన్నగా గుసగుసలు మొదలయ్యాయి. అయిదో రోజుకు వాసన వచ్చింది. అది ఏ వాసనో ఎవరూ చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం జొహర్ నమాజులో నుదురు నేలకానించి సజ్దా చేస్తుంటే వంటింట్లోంచి నా చాప దాకా వచ్చింది.

షఫీ డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏందే, నేను లేనప్పుడు ఎవరైనా తాగుబోతులొచ్చిపోయినారా?"

ఆయన నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. నమాజు చదివే ఇంట్లో, పిల్లలు ఖురాన్ తెరిచే ఇంట్లో ఇది ఉండకూడదనుకున్నాను. సిర్కా అయ్యాక లోపలికి తెచ్చుకుందామని జాడీని టెర్రస్ మీదికి మోసి, నీళ్ళ ట్యాంకుల వెనక నీడలో పెట్టి, పాత దుపట్టా కప్పి వచ్చాను.

నేను చేసిన తప్పంతా ఇదే. వంటింట్లో ఉంచుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఇల్లు శుభ్రంగా ఉండాలని పైకి మోస్తే, చూసినవాళ్ళకు అది దాచిపెట్టినట్టు కనిపించింది.

శుక్రవారం అస్ర్ వేళ పిల్లలు చాపల మీద కూర్చుంటున్నారు. పై నుంచి జాహిదా ఆపా కేక వినిపించింది. ఆరేసిన బట్టలు తీయడానికి పోయి, వాసన పట్టుకుని ట్యాంకుల వెనక్కి వెళ్ళిందట. నేను మెట్లెక్కేసరికి ఆమె భర్త బాబు మియా, ఇంకో అయిదారుగురు అక్కడున్నారు. బాబు మియా బిల్డింగులు కట్టే కంపెనీలో ఫోర్‌మన్. వయసులో పెద్ద, బిల్డింగులో అందరికీ ఆయన మాటంటే గౌరవం. దుపట్టా తీసేశారు. జాడీ ఎండలో తేనెరంగులో మెరుస్తూ, బుడగలు వదులుతూ నిలబడి ఉంది.

మా ఇళ్ళల్లో దక్కనీ మాట్లాడతాం గానీ, కోపమొస్తే మాకు తెలుగే వస్తుంది.

"ఎవురిదిది?" అన్నాడు బాబు మియా.

"నాది, భాయ్."

"నీదా?" జాహిదా ఆపా ముక్కు మీది కొంగు తీసేసింది. "అల్లా! నా మనవరాలు నీ కాడ సబక్ నేర్చుకుంటాంది గదే!"

"సిర్కా చేస్తాండా, ఆపా."

"సిర్కా వాసన నాకు తెలీదా? మా అత్త చేసింది, నేను చూసినా."

బాబు మియా చెయ్యెత్తి ఆమెను ఆపాడు. ఆయన గొంతు పెంచలేదు. "సఫియా, నువ్వు నమాజీవి. సూటిగా ఒక మాట చెప్పు. ఇవాళ్టి దినం ఇది సిర్కానా?"

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న ప్రశ్న ఆయన నోట్లోంచి వచ్చింది. అవునని చెప్పి ఉంటే పోయేది. కింద ఏడుగురు పిల్లలు నా కోసం కూర్చుని ఉన్నారు.

"ఇవాళ కాదు భాయ్. అవుతాది."

"ఇవాళ కాదంటాండావు. అయితే ఇవాళ ఇదేందో దాని పేరు నేను చెప్పల్నా? పోలీసులొస్తే నీ ఒక్కదాన్నే అడగరమ్మా. బిల్డింగులో అందరి ఐడీ కార్డులూ చూస్తారు. నా కంపెనీ అర్బాబుకు తెలిస్తే నా ముప్పై ఏళ్ళ నౌకరీ ఏమయితాది? మా మొహాలు చూసన్నా దీన్ని పారబోయి."

"పారబోస్తే మీరనుకున్నది నిజమైపోతాది భాయ్. పొయ్యను."

"మళ్ళొకసారి ఆలోచించుకో."

"పొయ్యను."

కిందికి వచ్చేసరికి చాపలు ఖాళీగా ఉన్నాయి. తల్లులు వచ్చి పిల్లల్ని తీసుకుపోయారు. ఒక పాప అక్షరాలు నేర్చుకునే తన ఖాయిదా పుస్తకం తెరిచిన పేజీ మీదే వదిలేసి పోయింది.

ఆ సాయంత్రం షఫీ జాడీని కిందికి తెచ్చి వంటింటి సింకు పక్కన పెట్టాడు. "ఏందే నీకు మొండి? నా లైసెన్సు, నా వీసా... గ్లాసెడు సిర్కా కోసరమా ఇదంతా?"

"అయితే మీరే పొయ్యండి, ఏజీ. మీ చేత్తో పొయ్యండి. నేను తాగుబోతుల సరుకు చేసినానని మీరు నమ్మితే పొయ్యండి."

ఆయన జాడీని రెండు చేతులతో ఎత్తాడు. సింకు మీదికి వంచాడు. గుడ్డ తడిసేదాకా వంచి, అక్కడే ఆగిపోయాడు. మళ్ళీ నిలబెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"నా చేత్తో కాదులే" అన్నాడు. "టీ పెట్టు."

మరుసటి రోజు బిల్డింగు యజమానురాలు వచ్చింది. బాబు మియానే ఫోన్ చేశాడు. ఆమె పేరు ఉమైమా. డెబ్బై ఏళ్ళ ఒమానీ వితంతువు. నాలుగు వీధుల అవతల కొడుకింట్లో ఉంటుంది. అమ్మా అన్నట్టు మేమంతా మామా అని పిలుస్తాం. ఆమె హిందీ మాకంటే నయంగా మాట్లాడుతుంది. కర్ర పట్టుకుని మెట్లెక్కి, సరాసరి మా వంటింట్లోకి వచ్చి, గుడ్డ పక్కకు తీసి ముక్కు పెట్టింది. గుమ్మంలో బాబు మియా, జాహిదా ఆపా నిలబడ్డారు.

"ఎన్ని రోజులయింది?" అంది.

"పది, మామా. ఇవాళ తల్లిని వేస్తాను." షాపులో వడకట్టని సిర్కా దొరుకుతుంది; దాని అడుగున ఉండే మడ్డిని తల్లి అంటారు. పెరుగుకు తోడు వేసినట్టు దాన్ని వేయాలి. ఆ సీసా చూపించాను.

ఆమె తలూపింది. "మా అమ్మ నిజ్వాలో ఖర్జూరాలతో చేసేది. ఖల్ అంటాం మేము. మట్టి జాడీలో పోసి, ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో పెట్టేది. ఆ గదిలోనే నమాజు చదివేది. నలభై రోజులు మూత తీయనిచ్చేది కాదు." కర్రతో నేల మీద కొట్టింది. "నువ్వెందుకు పైన పెట్టావు?"

"నమాజు చదివే ఇల్లు గదా అని..."

"నీకే నమ్మకం లేకపోతే వీళ్ళకెట్లా ఉంటుంది?"

జాడీ మీది గుడ్డ మళ్ళీ సర్దాను.

ఆమె బాబు మియా వైపు తిరిగింది. "నలభై రోజులు. నేనే వచ్చి చూస్తాను. ఖల్ అయితే ఎవరూ నోరెత్తొద్దు." తర్వాత నా వైపు తిరిగింది. ఆమె మొహంలో జాలి ఏమీ లేదు. "కాకపోతే నువ్వు ఇల్లు ఖాళీ చెయ్యి. నా బిల్డింగులో అది ఉండటానికి వీల్లేదు."

షఫీ ఆమెను కారు దాకా దిగబెట్టి వచ్చాడు. నేను జాడీలో తల్లిని వేశాను. కొత్త గుడ్డ కట్టాను. ఒక కాగితం మీద "సిర్కా. తెరిచే రోజు: ఫిబ్రవరి 12" అని తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి రాసి అంటించాను. తర్వాత దాన్ని వంటింట్లో ఉంచలేదు. ముందు గదిలోకి, పిల్లల చాపలకు ఎదురుగా, నేను నమాజు చదివే చోటికి మూడడుగుల దూరంలో కిటికీ గట్టు మీద పెట్టాను.

అస్ర్ అయ్యాక మెట్ల వైపు తలుపు బార్లా తెరిచాను. రోజూ పరిచినట్టే ఏడు చాపలూ పరిచాను. ఎవరూ రాలేదు. పీట మీద ఖాయిదా తెరిచి, అలిఫ్ నుంచి మొదలుపెట్టి, మెట్ల మీద పోయేవాళ్ళకు వినిపించేలా గట్టిగా చదివాను. ఒక గంట చదివి చాపలు చుట్టాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"గోడలకు చెప్తాండావా సబక్?" అన్నాడు షఫీ.

"గోడలు ముక్కు మూసుకోవు గదా."

మెట్ల మీద నన్ను చూసి మొహాలు తిప్పుకునేవాళ్ళు. జాహిదా ఆపా మాత్రం తిప్పుకునేది కాదు. తలుపు ముందు ఆగి, జాడీని, నన్ను మార్చి మార్చి చూసి, "ఇంకా ఉంచినావా?" అనేది. "ఇంకా ఇరవై తొమ్మిది దినాలు ఆపా" అనేదాన్ని. ఇంకోసారి, "ఇంకా ఇరవై రెండు." సలాం మాత్రం ఏ రోజూ మానలేదు. ఆమె కూడా జవాబు మానలేదు, పళ్ళు బిగించుకునే అయినా.

మూడో వారంలో పైఅంతస్తు గౌహర్ తన కూతుర్ని తెచ్చి చాప మీద కూర్చోబెట్టింది.

"నీకు భయం లేదా?" అన్నాను.

"నాకు పుట్టినప్పటి నుంచి ముక్కు దిబ్బడ అక్కా. నాకేం వాసన తెలుస్తాది?" అని వెళ్ళిపోయింది. ఆ రోజు ఒక్క గొంతు నాతోపాటు అలిఫ్, బే అంది. నాకు ఏడుగురు అన్నట్టే వినిపించింది.

జాడీలో పైన పాలమీగడలాంటి పొర కట్టింది. రోజురోజుకూ మందమైంది. వాసన కూడా మారుతూ వచ్చింది. మొదట ముక్కును దాటి తలకెక్కేది. తర్వాత ముక్కు దగ్గరే పొడవడం మొదలుపెట్టింది. అయినా నేను మూత తీయలేదు, రుచి చూడలేదు. ప్రతి నమాజు తర్వాత దాని వైపు చూసి, "యా అల్లా, నేను దీన్ని ఏ నియ్యత్‌తో, ఏ ఉద్దేశంతో పెట్టానో నీకు తెలుసు" అనుకునేదాన్ని. ఒక్కోసారి భయమేసేది. కొంత దూరం వచ్చి అక్కడే ఆగిపోయే జాడీలు కూడా ఉంటాయట.

ఫిబ్రవరి పన్నెండు వచ్చింది. రంజానుకు ఇంకా వారం కూడా లేదు. జొహర్ అయ్యాక ఉమైమా మామా కర్ర చప్పుడు వినిపించింది. బాబు మియా సెలవు పెట్టి మరీ వచ్చాడు. గౌహర్ కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. జాహిదా ఆపా లోపలికి రాకుండా మెట్టు మీద నిలబడింది. షఫీ నా పక్కన నిలబడి, చేతిలో వ్యాన్ తాళాలు అటూ ఇటూ తిప్పుతున్నాడు.

గుడ్డ విప్పి, పొరను గరిటెతో పక్కకు జరిపి, ఒక గ్లాసులోకి తీశాను.

"ఎవరు తాగుతారు?" అంది మామా.

గ్లాసు నా చేతిలోనే ఉంది.

"అది సిర్కా కాకపోతే తాగినోళ్ళకు గునాహ్, పాపం తగులుతాది" అన్నాడు బాబు మియా.

"గునాహ్ అయితే నాకే కానీ భాయ్. మీరెవరూ పంచుకోనక్కర్లేదు."

గ్లాసు నోటి దాకా తెచ్చి ఆగాను. హరాం దాని మీద బిస్మిల్లా అనకూడదు. హలాల్ దాన్ని బిస్మిల్లా అనకుండా తాగకూడదు. చేతిలో ఉన్నది ఏదో నాకింకా తెలియదు. ఉస్తానీ గారి స్కేలు గుర్తొచ్చింది. కణుపుల్లో ఇప్పటికీ నొప్పి పుట్టినట్టయింది. దీన్ని ఏ దారిన నడిపించాడో అల్లాకు తెలుసు. నేను నలభై రోజులు కాపలా ఉన్నాను, అంతే. మెట్ల మీద ఉన్నవాళ్ళకు కూడా వినిపించేలా "బిస్మిల్లా" అన్నాను.

పులుపు పళ్ళలోకి దిగింది. చెంపలు లోపలికి లాగేసుకున్నాయి. కళ్ళల్లోంచి నీళ్ళు వచ్చాయి, పులుపుకో దేనికో. మత్తు లేదు, తీపి లేదు. పులుపు, వెనకాల ఎక్కడో ఒక ఆపిల్.

మామా గ్లాసు లాక్కుని వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. "ఖల్" అంది. ఇంకోసారి వేలు ముంచింది. "మా అమ్మది ఇంతకంటే బాగుండేది. అయినా ఖల్."

బాబు మియా అరచెయ్యి చాచాడు. రెండు చుక్కలు పోశాను. నాకాడు. ఒక కన్ను దానంతటదే మూసుకుంది.

"పులుపే" అన్నాడు. క్షమించమని అనలేదు. ఆ రోజు తను అడిగింది తప్పు కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అరచెయ్యి తుడుచుకున్నాడు. "పిల్లోళ్ళు రేపట్నించి వస్తార్లే."

"రేపెందుకు భాయ్? ఇవాళ అస్ర్‌కు పంపించండి. ఆరు వారాల సబక్ వెనకబడినారు. రోజూ ఇంకో అరగంట ఎక్కువ కూర్చోవాల్సి ఉంటాది."

"చూడు, చూడు" అన్నాడు బాబు మియా షఫీతో. "నువ్వెట్ల వేగుతాండావయ్యా?"

"నాకు డ్యూటీ ఉంది గదా, పొద్దంతా బయటే" అన్నాడు షఫీ.

వాళ్ళు నవ్వుతుండగా నేను అల్మారా తెరిచాను. పన్నెండేళ్ళ కిందటి టీ గ్లాసు వెనక మూలలో ఉంది. బంగారు రంగు చాలావరకు పోయింది గానీ గీత కనిపిస్తూనే ఉంది. కడిగి, తుడిచి, సిర్కా పోశాను. రెండు చేతులతో పట్టుకుని మెట్టు దగ్గరికి నడిచాను.

"ఆపా, మీ సిర్కా."

జాహిదా ఆపా గ్లాసును చూసింది. గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. ఆమె మొహం ఎర్రబడింది.

"దీని కోసరమా?" అంది. "ఇదంతా దీని కోసరం చేసినావా?"

"షాపుది నక్కో అన్నారు గదా మీరే. జ్యూస్ ఒక్కటే షాపుది. మిగతాదంతా నా చెయ్యి."

"నేను తమాషాకన్నానే పిల్లా..."

"నేను తమాషాకు తీసుకోలేదు ఆపా. పండగపూట మా ఇంటి మర్యాద నిలబెట్టింది మీ సిర్కా."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత గ్లాసు అందుకుంది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీత దాటింది."

"దాటనీలే ఆపా. ఇన్నేళ్ళయింది."

"ఇన్నేళ్ళయిందని ఎక్కువ తీసుకుంటే దాన్నేమంటారో నీకు తెలీదా? పిల్లోళ్ళకు చెప్పేదానివి. వడ్డీ తిననే నేను."

చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. నలభై రోజుల తర్వాత మా గడప దాటింది. జాడీ దగ్గరికి పోయి, గ్లాసు మెల్లగా వంచి, గీత మీద ఉన్న నాలుగు చుక్కలు వెనక్కి పోసింది. గ్లాసును మళ్ళీ వెలుతురుకు ఎత్తి, సరిగ్గా గీత దాకా ఉందని చూసుకుంది.

"ఇప్పుడు చెల్లు" అంది.